కాంటా నుంచి కంప్యూటర్ దాకా అంకె చెడకుండా: డేటా తప్పులను పట్టడం, దిద్దడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాను కాంటా మీద పెడితే 43 కిలోలు చూపించిందనుకుందాం. ఇండికేటర్ (బరువు చూపే పెట్టె) వెనుక నుంచి వెళ్లే తీగ ఆ అంకెను గదిలోని కంప్యూటర్‌కు చేరవేస్తుంది. అక్షరాలను సున్నాలు, ఒకట్లుగా రాసే ఆస్కీ కోడులో '4' అనే అక్షరం 0110100. అందులో ఒక్కో సున్నా, ఒక్కో ఒకటి ఒక్కో బిట్టు. దారిలో దాని చివరి బిట్టు ఒక్కటి తిరగబడితే 0110101 అవుతుంది. అది '5'. కంప్యూటర్ 53 అని రాసుకుంటుంది. ప్రోగ్రాం ఆగదు, తెర మీద ఎర్రర్ రాదు. స్లిప్పు మాత్రం అచ్చవుతుంది. ఆ పది కిలోలు రైతు ఖాతాలో పడ్డాయా, అడ్తిదారు ఖాతాలోంచి పోయాయా అన్నది సాయంత్రం లెక్కలు చూసేటప్పుడు గొడవ.

కాంటాలు, మీటర్లు, సెన్సర్లను కంప్యూటర్‌కు కలిపే పని చేసేవాళ్ల కోసం, ఈ పాఠం పరీక్షకు చదివినా చేత్తో చేసి చూడని పాలిటెక్నిక్, బీటెక్ పిల్లల కోసం ఈ మార్గదర్శి. సున్నాలు, ఒకట్లు కూడడం వస్తే చాలు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా కోడ్‌ల సిద్ధాంతంతో మొదలుపెడతాయి. పని దగ్గర వరుస వేరు: ముందు తీగ, తర్వాత తప్పును పట్టడం, ఆ తర్వాత మళ్లీ పంపమని అడగడం. అడిగే వీలు లేనప్పుడు, లేదా అడగడం ఖరీదైనప్పుడు మాత్రమే దిద్దుబాటు. నేను ఈ వరుసలోనే వెళ్తాను.

మెట్టు 1: మీ లైన్లో ఎలాంటి తప్పులు వస్తున్నాయో చూడండి

తప్పులు రెండు రకాలు. అక్కడో బిట్టు, ఇక్కడో బిట్టు చెదురుగా తిరగబడడం ఒకటి. ఒకే చోట వరుసగా బోలెడు బిట్లు పోవడం రెండోది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది రెండోదే. జిన్నింగ్ మిల్లులో పెద్ద మోటరు స్టార్టర్ పడ్డప్పుడు, పక్కనే వెల్డింగ్ చేస్తున్నప్పుడు, వానాకాలం మెరుపులు వచ్చినప్పుడు తీగలోకి ఒక్కసారిగా గోల (ఎలక్ట్రికల్ నాయిస్) దూరుతుంది. 9600 బాడ్ వేగంలో, అంటే సెకనుకు 9600 బిట్లు వెళ్లేటప్పుడు, ఒక బిట్టు సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. అంటే 2 మిల్లీసెకన్ల గోల చాలు, దాదాపు 19 బిట్లు దాని కిందికి వస్తాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందు ముందు ఏ పద్ధతి సరిపోతుందో ఇదే చెబుతుంది.

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లేముందు తీగను సరిచేయండి. కంప్యూటర్ సీరియల్ పోర్టుకు వాడే ఆర్‌ఎస్-232 తీగను 15 మీటర్లు దాటించకండి. దూరం ఎక్కువైతే ఆర్‌ఎస్-485కు మారండి. తక్కువ వేగంలో అది 1200 మీటర్ల దాకా లాగుతుంది. మెలితిప్పిన జంట తీగ వాడి, లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. షీల్డును ఒక కొసలోనే ఎర్త్ చేయండి. త్రీఫేజు కేబుల్ పక్కనే సిగ్నల్ తీగను జంటగా లాక్కెళ్లడం నేను చూసిన లైన్లలో అన్నిటికంటే సాధారణమైన జబ్బు. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. చెడ్డ తీగ మీద మంచి కోడ్ పెడితే డేటా తప్పుగా రాదు, అసలు రాదు. ప్రతి ఫ్రేమూ (ఒక్కసారిగా పంపే సందేశపు మూట) తిరస్కరణకు గురవుతుంది.

మెట్టు 2: పారిటీ ఉంటే ఆన్ చేయండి, దాన్నే నమ్ముకోకండి

పారిటీ అంటే ప్రతి అక్షరానికి ఒక బిట్టు అదనంగా చేర్చి, మొత్తం ఒకట్ల సంఖ్యను సరి సంఖ్యగా ఉంచడం. '4'లో (0110100) మూడు ఒకట్లు ఉన్నాయి కాబట్టి పారిటీ బిట్టు 1. దారిలో ఏ ఒక్క బిట్టు తిరగబడినా ఒకట్ల సంఖ్య బేసి అవుతుంది, అందుకునే వైపు తెలిసిపోతుంది. పైన చెప్పిన 53 కిలోల తప్పు ఇక్కడే దొరుకుతుంది.

కానీ రెండు బిట్లు తిరగబడితే మళ్లీ సరి సంఖ్యే. గోల దెబ్బకు బిట్లు అడ్డదిడ్డంగా పోయినప్పుడు పారిటీ దాదాపు సగం సార్లు మోసపోతుంది. రెండు వైపులా సెట్టింగు ఒకటే ఉండాలన్నది ఇంకో సంగతి. ఇండికేటర్ 7 బిట్లు, సరి పారిటీతో పంపుతుంటే కంప్యూటర్ 8 బిట్లు, పారిటీ లేకుండా వింటే ఒకట్లు బేసిగా ఉన్న అక్షరాలు చెత్తగా కనిపిస్తాయి. కొత్తగా కలిపిన కాంటాలో మొదటిరోజు వచ్చే టెన్షన్‌లో సగం దీనివల్లే.

మెట్టు 3: మొత్తం కూడి పంపడం, దాని లొసుగు

పారిటీ అక్షరం అక్షరాన్నీ చూస్తే, చెక్‌సమ్ మొత్తం సందేశాన్ని చూస్తుంది. బైట్లన్నీ (ఎనిమిదేసి బిట్ల ముక్కలు) కూడి, వచ్చిన మొత్తంలో చివరి 8 బిట్లను సందేశం చివర తగిలిస్తారు. అందుకున్నవాడు మళ్లీ కూడి పోల్చుకుంటాడు. రాయడం సులువు, చిన్న మైక్రోకంట్రోలర్ మీద కూడా భారం లేదు.

లొసుగు ఏమిటంటే కూడికకు వరుస పట్టదు. '4', '3' కూడినా '3', '4' కూడినా మొత్తం ఒకటే. 43 కిలోలు 34గా మారినా చెక్‌సమ్ సరిపోతుంది. తీగలో అంకెలు చోటు మార్చుకోవడం అరుదు. చేత్తో ఎక్కించేటప్పుడు మాత్రం అదే మామూలు తప్పు. అందుకే మనుషులు రాసే నంబర్లలో ఒక్కో స్థానానికి ఒక్కో బరువు ఇస్తారు.

దీన్ని చూడాలంటే కాజీపేట జంక్షన్‌లో నిలబడి బొగ్గు గూడ్సు వ్యాగన్ల మీద నంబర్లు చదవండి. 11 అంకెలు ఉంటాయి. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు సొంతదారు రైల్వే, ఆపై రెండు తయారైన సంవత్సరం, నాలుగు అంకెలు వ్యాగన్ వరుస సంఖ్య, చివరిది చెక్ డిజిట్. లెక్క ఇది: సరి స్థానాల్లోని అంకెలు కూడి 3తో గుణించాలి, బేసి స్థానాల్లోని అంకెలు దానికి కలపాలి, ఆ మొత్తాన్ని పై పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె.

ఊహించుకున్న ఒక నంబరుతో చేద్దాం: 2209142756. సరి స్థానాలు 2, 9, 4, 7, 6. మొత్తం 28, మూడింతలు 84. బేసి స్థానాలు 2, 0, 1, 2, 5. మొత్తం 10. రెండూ కలిపితే 94. వందకు 6 తక్కువ. పూర్తి నంబరు 22091427566. ఇప్పుడు గుమాస్తా 56ను 65గా రాశాడనుకోండి. లెక్క 92 వస్తుంది, చెక్ డిజిట్ 8 కావాలి, కాగితం మీద 6 ఉంది. తప్పు దొరికింది. అదే గుమాస్తా 27ను 72గా రాస్తే? లెక్క 84కు దిగుతుంది, కావాల్సిన అంకె మళ్లీ 6. దొరకలేదు. పక్కపక్క అంకెల తేడా సరిగ్గా 5 అయినప్పుడు ఈ పద్ధతికి చూపు ఉండదు. బిస్కెట్ ప్యాకెట్ మీది 13 అంకెల బార్‌కోడుదీ ఇదే పద్ధతి, ఇదే బలహీనత.

ఆధార్ నంబరు చివరి అంకె ఇంతకంటే గట్టిది. డచ్ గణితజ్ఞుడు వెర్‌హోఫ్ 1969లో ఇచ్చిన పద్ధతితో అది వస్తుంది. ఒక అంకె తప్పైనా, పక్కపక్క అంకెలు ఏవి తారుమారైనా వదలదు. మీ ఫారంలో ఆధార్ గడి ఉంటే ఆ లెక్కను ఫారంలోనే పెట్టండి, సర్వర్ దాకా పంపనక్కర్లేదు. నంబరు రూపం సరైనదని మాత్రమే అది చెబుతుంది. ఆ నంబరు ఆ మనిషిదే అని చెప్పదు.

మెట్టు 4: సీఆర్‌సీ (సైక్లిక్ రిడండెన్సీ చెక్), అసలు పని చేసే పనిముట్టు

తీగ మీద నడిచే డేటాకు మీరు ఒక్క పద్ధతే నేర్చుకుంటారంటే ఇది నేర్చుకోండి. 1961లో వెస్లీ పీటర్సన్ ప్రతిపాదించిన ఈ పద్ధతి ఈథర్‌నెట్ కేబుల్‌లోనూ, జిప్ ఫైల్లోనూ, కరెంటు మీటర్లు డేటా పంపే మోడ్‌బస్ పద్ధతి లైన్లోనూ ఉంది. సందేశాన్ని ఒక పెద్ద సంఖ్యగా తీసుకుని, ముందే ఒప్పుకున్న ఒక భాజకంతో భాగించి, శేషాన్ని చివర అతికించడమే దీని కిటుకు. భాగహారంలో తీసివేతకు బదులు ఎక్సార్ చేస్తాం: ఒకేలా ఉన్న బిట్లు 0, వేరుగా ఉన్నవి 1. అప్పులు, మిగుళ్లు ఉండవు.

మన 43నే తీసుకుందాం. రెండింటి లెక్కలో (బైనరీలో) అది 101011. భాజకం 1011. భాజకంలో నాలుగు బిట్లున్నాయి కాబట్టి శేషానికి మూడు బిట్ల చోటు కావాలి. సందేశం చివర మూడు సున్నాలు పెట్టండి: 101011000. ఇక భాగించండి:

1010 ఎక్సార్ 1011 = 0001, తర్వాతి బిట్టు 1 దించితే 0011
మొదటి బిట్టు 0, భాగించక్కర్లేదు, 1 దించితే 0111
మళ్లీ మొదటి బిట్టు 0, తర్వాతి 0 దించితే 1110
1110 ఎక్సార్ 1011 = 0101, 0 దించితే 1010
1010 ఎక్సార్ 1011 = 0001, చివరి 0 దించితే 0010
మొదటి బిట్టు 0, దించడానికి ఇంకేం లేదు. శేషం 010

పంపాల్సింది 101011010. అందుకున్నవాడు దీన్ని మొత్తంగా 1011తో భాగిస్తే శేషం 000 రావాలి. కాగితం తీసుకుని చేసి చూడండి, తర్వాత మీకు నచ్చిన ఒక బిట్టు మార్చి మళ్లీ చేయండి. చేత్తో ఒకసారి చేసినవాళ్లకు ప్రోగ్రాం రాయడం అరగంట పని. చేయనివాళ్లు కోడ్ అతికించి, ఎందుకు కలవడం లేదో తెలియక రోజంతా కూర్చుంటారు.

మూడు బిట్ల శేషం పాఠానికి మాత్రమే. పనికి 16 బిట్ల సీఆర్‌సీ వాడండి. వరుసగా 16 బిట్ల లోపు ఎలాంటి దెబ్బ తగిలినా అది తప్పకుండా పడుతుంది. అంతకంటే పొడుగు దెబ్బల్లో సుమారు 65,536కు ఒకటి తప్పించుకోవచ్చు. మనం లెక్కగట్టిన 19 బిట్ల దెబ్బ ఈ రెండో కోవలోకి వస్తుంది. కాంటాకు ఇది చాలు. ఫైళ్లు పంపుతుంటే 32 బిట్లు పెట్టుకోండి, అప్పుడు తప్పించుకునే అవకాశం 429 కోట్లకు ఒకటి.

ఇక్కడ అందరినీ ఏడిపించే చిక్కు ఒకటుంది. '16 బిట్ల సీఆర్‌సీ' అన్న పేరు కింద చాలా రకాలున్నాయి. భాజకం వేరు, మొదట్లో రిజిస్టర్‌లో ఉంచే విలువ వేరు, బిట్లు ఏ కొస నుంచి తీసుకోవాలన్నది వేరు. తేల్చుకునే దారి సులువు: 123456789 అనే తొమ్మిది అక్షరాలను ఆస్కీగా మీ ప్రోగ్రాంకు ఇవ్వండి. మోడ్‌బస్ రకమైతే హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) 4బీ37 రావాలి. ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎక్స్‌మోడెమ్ రకమైతే 31సీ3 రావాలి. జిప్, ఈథర్‌నెట్ వాడే 32 బిట్ల రకమైతే సీబీఎఫ్43926 రావాలి. పరికరం మాన్యువల్లో ఏ రకమో రాసి ఉంటుంది. మోడ్‌బస్‌లో ఇంకో మెలిక: ఈ రెండు బైట్లలో చిన్న బైటు ముందు వెళ్తుంది, అంటే తీగ మీద 37 ముందు, 4బీ తర్వాత.

మీ ఇండికేటర్ సీఆర్‌సీ ఇవ్వకపోతే? చాలా ఇండికేటర్లు బరువును ఆగకుండా పంపుతూనే ఉంటాయి, చెక్‌సమ్ కూడా ఉండదు. అప్పుడు వరుసగా మూడు ఫ్రేములు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా వచ్చి, బరువు నిలకడగా ఉందన్న గుర్తు కూడా ఉంటేనే తీసుకోండి. దానికి తోడు హద్దులు పెట్టండి: మిర్చి బస్తా 400 కిలోలు ఉండదు. ఇది సీఆర్‌సీకి సాటి రాదు, కానీ ఉన్నంతలో గట్టి కాపలా.

మెట్టు 5: తప్పు దొరికింది, ఇప్పుడేం చేయాలి

మళ్లీ అడగండి. 9600 బాడ్‌లో 20 బైట్ల ఫ్రేము పోవడానికి పట్టేది 21 మిల్లీసెకన్లు. హమాలీ బస్తా దించేలోపు డజన్ల సార్లు మళ్లీ అడగొచ్చు. ఇంత చౌకగా దొరికేటప్పుడు దిద్దుబాటు కోడ్‌లతో తల బద్దలు కొట్టుకోవడం దండగ.

పద్ధతి ఇది. పంపినవాడు జవాబు కోసం ఆగుతాడు. సరిగా అందితే 'అందింది' అని, చెడితే 'మళ్లీ పంపు' అని జవాబు వస్తుంది. నిర్ణీత సమయంలో ఏ జవాబూ రాకపోతే పంపినవాడే మళ్లీ పంపుతాడు. అలా ఓ మూడుసార్లు, ఆ తర్వాత తెర మీద ఎర్రగా చూపించి మనిషిని పిలవాలి. చడీచప్పుడు లేకుండా పాత బరువునే చూపించే ప్రోగ్రాం మాత్రం రాయకండి.

ఇప్పుడు జాగ్రత్తగా ఆలోచించాల్సిన చోటు. ఫ్రేము సరిగ్గానే అందింది, కంప్యూటర్ రాసుకుంది, 'అందింది' అన్న జవాబు దారిలో చెడిపోయింది. పంపినవాడికి ఆ సంగతి తెలియదు, మళ్లీ పంపుతాడు. రెండో ఫ్రేమూ శుభ్రంగా ఉంది, సీఆర్‌సీ సరిపోయింది, కంప్యూటర్ మళ్లీ రాసుకుంటుంది. ఒకే బస్తా రెండుసార్లు ఎక్కింది. ఒక్క బిట్టు కూడా తప్పు లేకుండా లెక్క తప్పింది. దీనికి మందు, ప్రతి ఫ్రేములో వరుస సంఖ్య పెట్టడం. ముందటి సంఖ్యే మళ్లీ వస్తే జవాబు మాత్రం ఇచ్చి, రాసుకోకుండా వదిలేయాలి. ఆ సంఖ్యను కూడా సీఆర్‌సీ లెక్కలో కలపండి. బయట ఉంచితే అదే చెడిపోయి కొత్త తలనొప్పి తెస్తుంది.

మెట్టు 6: అడిగే వీలు లేకపోతే దిద్దుకోండి

నర్సంపేట వైపు పొలంలో బావి దగ్గర బ్యాటరీ మీద నడిచే లోరా (తక్కువ కరెంటుతో దూరానికి పంపే రేడియో) సెన్సర్ పెట్టారనుకోండి. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీలో అది పనిచేస్తుంది. అతి నెమ్మది సెట్టింగులో 20 బైట్లు పంపడానికే సెకను పైన పడుతుంది. ప్రతి పునఃప్రసారం బ్యాటరీని తింటుంది. ఇలాంటి చోట సందేశంతో పాటే దిద్దుకునే సరంజామా కూడా పంపడం లాభం. లోరాలో 4/5 నుంచి 4/8 వరకు ఉండే కోడింగ్ రేటు సెట్టింగు అదే: నాలుగు బిట్ల డేటాకు ఒకటి నుంచి నాలుగు బిట్ల దాకా అదనం. బిట్లు ఎంత పెంచితే గాలిలో సమయం అంత పెరుగుతుంది.

ఈ ఆలోచనకు తొలి చక్కటి రూపం ఇచ్చినవాడు అమెరికా గణితజ్ఞుడు రిచర్డ్ హామింగ్. బెల్ ల్యాబ్స్‌లో వారాంతాల్లో రిలే కంప్యూటర్‌కు లెక్కలు అప్పగించి వెళ్తే, యంత్రం తప్పును పట్టేది కానీ ఆ లెక్కను అక్కడే వదిలేసి తర్వాతి దానికి వెళ్లిపోయేది. తప్పుందని తెలిసిన యంత్రానికి ఎక్కడుందో ఎందుకు తెలియకూడదని విసుక్కున్న హామింగ్ 1950లో తన కోడ్ ప్రచురించాడు.

చేసి చూద్దాం. ఏడు గళ్లు గీయండి. 1, 2, 4 గళ్లు కాపలా బిట్లకు. 3, 5, 6, 7 గళ్లు డేటాకు. డేటా 1011 అయితే 3లో 1, 5లో 0, 6లో 1, 7లో 1. ఒకటో కాపలా 1, 3, 5, 7 గళ్లలో ఒకట్లు సరి సంఖ్యలో ఉండేలా చూస్తుంది. 3, 5, 7లో రెండు ఒకట్లున్నాయి, కాబట్టి 0. రెండో గడి 2, 3, 6, 7ను చూస్తుంది. 3, 6, 7లో మూడు ఒకట్లు, కాబట్టి 1. నాలుగో గడి 4, 5, 6, 7ను చూస్తుంది. 5, 6, 7లో రెండు ఒకట్లు, కాబట్టి 0. పంపేది 0110011.

దారిలో ఐదో గడి తిరగబడి 0110111 అందింది. ఒకటో కాపలా గుంపులో మూడు ఒకట్లు, తప్పు. రెండో దానిలో నాలుగు, సరే. నాలుగో దానిలో మూడు, తప్పు. తప్పని చెప్పిన కాపలాల గడి నంబర్లు కూడండి: 1 + 4 = 5. ఐదో గడిని తిప్పేయండి, అయిపోయింది.

రెండు గళ్లు తిరగబడితే మాత్రం ఈ కోడ్ అబద్ధం చెబుతుంది. ఐదు, ఆరు గళ్లు చెడితే రెండో, ఒకటో కాపలాలు తప్పంటాయి, మొత్తం 3 వస్తుంది. ఏ పాపం ఎరుగని మూడో గడిని తిప్పేసి మూడు తప్పులు చేస్తుంది. అందుకే మొత్తానికి ఇంకో పారిటీ బిట్టు కలిపి, ఒక తప్పును దిద్దేలా, రెండు తప్పులుంటే పట్టుకుని ఊరుకునేలా చేస్తారు. సర్వర్లలోని, తప్పులు దిద్దుకునే ఈసీసీ మెమరీలో సాధారణంగా 64 బిట్లకు 8 కాపలా బిట్లు ఉండేది ఈ లెక్కతోనే. దిద్దిన తర్వాత కూడా సీఆర్‌సీ చూసుకోవడం నా షరతు: దిద్దుబాటు ఎక్కడుంటే దాని వెనుక ఒక తనిఖీ ఉండాలి.

మెట్టు 7: గుంపు దెబ్బకు చెదరగొట్టి పంపడం

హామింగ్ కోడ్ ఏడింటిలో ఒకదాన్నే దిద్దగలదు, మన లైన్లో గోల 19 బిట్లను ఒకేసారి తింటుంది. ఇక్కడ ఒక ఉపాయం. ఏడేసి బిట్ల కోడ్‌లు 20 వరుసలుగా రాసుకుని, అడ్డంగా కాకుండా నిలువుగా పంపండి: ముందు అన్ని వరుసల మొదటి బిట్లు, తర్వాత రెండో బిట్లు. 19 బిట్ల దెబ్బ ఎక్కడ తగిలినా ఒక్కో వరుసలో ఒక్క బిట్టుకు మించి పోదు. అందుకున్నాక మళ్లీ అడ్డంగా పేర్చుకుంటే ప్రతి వరుసా తనను తాను దిద్దుకుంటుంది. 20 వరుసలూ నిండేదాకా ఆగాలి, దీనికి చెల్లించే ధర ఆ ఆలస్యమే.

ఇంకా బలమైనది రీడ్–సాలమన్ కోడ్, 1960 నాటిది. బిట్లను కాక బైట్లను దిద్దుతుంది. బైటులో ఒక బిట్టు పోయినా ఎనిమిదీ పోయినా దానికి ఒకటే కాబట్టి గుంపు దెబ్బలకు సరిగ్గా సరిపోతుంది. దీన్ని రాయబోకండి, లైబ్రరీ వాడండి. పనితీరు చూడాలంటే హన్మకొండ చౌరస్తాలో ఏ చాయ్ బండి దగ్గరైనా యూపీఐ క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని ఫోటో తీసి ప్రింట్ చేసుకుని, మధ్యలో చిన్న కాగితం ముక్క అంటించి స్కాన్ చేయండి. చదువుతుంది. క్యూఆర్‌లో నాలుగు స్థాయులున్నాయి, సుమారు 7, 15, 25, 30 శాతం వరకు పాడైనా తిరిగి రాబట్టేవి. మూలల్లోని మూడు పెద్ద చదరాలను మాత్రం కప్పొద్దు. అవి డేటా కావు, కోడ్ ఎక్కడుందో కెమెరాకు చూపే గుర్తులు. దారి చూపే గుర్తు పోతే ఏ దిద్దుబాటు కోడూ సాయం చేయలేదు.

మెట్టు 8: కావాలని చెడగొట్టి పరీక్షించండి

తప్పులు రాని లైన్లో తప్పులు పట్టే కోడ్ పనిచేస్తోందో లేదో తెలియదు. పంపే వైపు ప్రోగ్రాంలో పరీక్ష కోసం ఒక స్విచ్ పెట్టండి. అది వేస్తే ఫ్రేములో ఒక బిట్టు, రెండు బిట్లు, వరుసగా పది బిట్లు, ఇలా తిప్పి పంపాలి. సీఆర్‌సీ కట్టిన తర్వాతే తిప్పాలి, ముందు తిప్పితే తప్పు సందేశానికి సరైన సీఆర్‌సీ పంపినట్టవుతుంది. తర్వాత జవాబు ఫ్రేములను కొన్నిటిని పారేసి, బస్తా రెండుసార్లు ఎక్కుతోందేమో చూడండి. చివరగా సందేశం మధ్యలో తీగ పీకి మళ్లీ పెట్టండి. సగం ఫ్రేము, తర్వాతి ఫ్రేము మొదలు అతుక్కుపోయి వచ్చినా ప్రోగ్రాం తేరుకోవాలి.

లైను నడుస్తున్నప్పుడు మూడు లెక్కలు గంట గంటకీ రాసుకునేలా పెట్టండి: వచ్చిన ఫ్రేములు, సీఆర్‌సీ తప్పినవి, మళ్లీ అడిగినవి. మొత్తం ఎంతన్నది కాదు, ఏ వేళకు పెరుగుతున్నాయన్నది చూడండి. మిల్లు నడిచే వేళల్లోనే పెరిగితే స్టార్టర్ వైపు తీగ దారి మార్చండి. వాన పడ్డ రోజునే పెరిగితే జంక్షన్ బాక్సు తెరిచి తడి ఉందేమో చూడండి. ఎప్పుడూ ఒకే తీరుగా కొన్ని తప్పుతుంటే కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయో లేదో మల్టీమీటర్‌తో కొలవండి. కరెంటు ఆపి రెండు తీగల మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 120 చూపిస్తే ఒక కొసలోది లేదు.